ఉరి తియ్యమనడం సరే, ఆ తర్వాత?

మా పెద్దవూర పేరు 2014 జనవరిలో టీవీల్లో మార్మోగింది. మండలంలోని ఓ తండాలో, ప్రైవేటు హాస్టల్లో ఉన్న పదిమందికి పైగా గిరిజన బాలికల మీద ట్యూటరే అఘాయిత్యం చేశాడు. 2018లో నల్గొండ కోర్టు వాడికి యావజ్జీవం వేసింది. మంచి పని. అందులో నాకు రెండో మాట లేదు.

నా గొడవ వేరే. ఇలాంటివాళ్ళకి వైద్యం అనే మాట ఎత్తితే చాలు, "అది జబ్బా, పొగరు కానీ" అని మనవాళ్ళు మీదకొస్తారు. జర్మనీ డాక్టర్లు మరోలా ఆలోచిస్తారంటే "వాళ్ళ సంస్కృతి వేరు బాబూ" అని తేల్చేస్తారు. సంస్కృతి కాదండీ, సగం తేడా చట్టంలో ఉంది.

బెర్లిన్ షారిటే ఆసుపత్రి వాళ్ళు 2005లో ఒక ప్రాజెక్టు మొదలెట్టారు. పిల్లల మీద అలాంటి కోరికలున్నవాడు తనంతట తానే వెళ్ళొచ్చు, డాక్టరు గుట్టు బయటపెట్టడు. మరి మన పోక్సో చట్టం (2012) ఏమంటుంది? నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానమొచ్చినా ఎవరైనా సరే పోలీసులకి చెప్పాల్సిందే. జరిగినదాన్ని దాస్తే ఆర్నెల్ల దాకా జైలు. హాస్టల్ వార్డెన్లకి ఈ రూలు ఉండి తీరాలి, తండా పిల్లల సంగతి చూశాం కదా. కానీ ఇంకా ఏ తప్పూ చెయ్యనివాడు, భయపడి డాక్టరు దగ్గరికెళ్దామనుకునేవాడు ఈ చట్టం చూశాక గడప తొక్కుతాడా? వాణ్ణి ఎప్పుడూ చూడని డాక్టరుకి వాడి మీద అభిప్రాయం ఎక్కణ్ణించొస్తుంది, టీవీ చూసేగా!

అలాగని విదేశాలన్నీ గొప్పవనుకోకండి. ఇంగ్లండు జైళ్ళలో 1990ల మొదట్నుంచీ ఇలాంటి ఖైదీలకి థెరపీ ప్రోగ్రాం నడిపారు. 2017లో లెక్క తీస్తే ఏం తేలింది? థెరపీ తీసుకున్నవాళ్ళలో 10 శాతం మళ్ళీ లైంగిక నేరం చేశారు, తీసుకోనివాళ్ళలో 8 శాతం! దెబ్బకి ఆపేశారు. టెస్టింగ్ అంటే అదీ. ఫెయిలయిందని ఒప్పుకోడానికైనా ముందు కొలవాలిగా.

మనమేం చేశాం? 2018లో లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ పెట్టాం. డేటాబేస్ ఉంటే అప్లికేషన్ ఉన్నట్టేనా? (మా మేనేజర్లు కూడా అలాగే అనుకుంటారు లెండి.) 2019లో ఎన్‌కౌంటర్ చేసిన పోలీసుల మీద పూలు చల్లాం.

అందరికీ యావజ్జీవం పడదు. చాలామంది శిక్ష ముగించుకుని మళ్ళీ మన ఊళ్ళకే వస్తారు. లోపలున్న అన్నేళ్ళూ వాళ్ళని ఏ సైకియాట్రిస్టు చూశాడు, ఎన్నిసార్లు చూశాడు? చర్లపల్లి జైలుకి ఎవరైనా ఒక ఆర్టీఐ అర్జీ పెట్టండి. ఖర్చు పది రూపాయలే.