లీగ్ గొప్పా? కప్పు గొప్పా?

మన హాస్టల్లో ఏటా వచ్చే తగువే ఇది. ఆదివారాలు ఆడే లీగులో పదో తరగతి వాళ్ళు గెలుస్తారు. వార్షికోత్సవం ముందు నాకౌట్‌లో తొమ్మిదో తరగతి వాళ్ళు కప్పు ఎత్తుకుపోతారు. ఇక మెస్ లైన్లో ఒకటే గొడవ!

ఇలాంటి తగువు తీర్చడానికే దేశంలో 1997లో సూపర్ కప్ మొదలైంది. జాతీయ లీగ్ విజేతకూ ఫెడరేషన్ కప్ విజేతకూ మధ్య ఒకే ఒక్క మ్యాచ్. 2011లో ఐ-లీగ్ విజేత సల్గావ్‌కర్‌పై ఈస్ట్ బెంగాల్ గెలిచింది. అంతటితో ఆగిపోయింది. 2018లో అదే పేరుతో మరో పోటీ వచ్చింది గానీ, అది చాలా జట్లు ఆడే నాకౌట్. పేరు మిగిలింది, పందెం పోయింది.

ఆ ఒక్క మ్యాచ్‌ను తిరిగి పెట్టాలనీ, అదీ మన విశాఖలో పెట్టాలనీ మా కోరిక. కావలసింది రెండు జట్లు, ఒక సాయంత్రం. జనం రారంటారు. చూపించకుండా రారంటే ఎలా? రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. పోర్టు, స్టీల్‌ప్లాంటు ఉన్న ఊళ్ళో ఉంటూ మన తమ్ముళ్ళు పెద్ద మ్యాచ్‌ని టీవీలోనే చూడాలా?

ఢిల్లీ పెద్దలు వినేలోపు మన సూపర్ కప్ మనమే ఆడుకుందాం. వార్డెన్ సార్, వార్షికోత్సవం సాయంత్రం ఒక గంట ఇప్పించండి. ఆ బంతికి బ్లాడర్ కూడా మార్పించాలి సార్.