సీసా మీద ఆ ఒక్క మాట

క్రీము డబ్బా మీద ‘సెటైల్ ఆల్కహాల్’ అని చదివి దుకాణంలోనే వదిలేసిన తల్లులను మేమెరుగుదుము. అది మత్తు పదార్థం కాదు, మైనం వంటి కొవ్వు. సెంటు సీసా మీది ‘ఆల్కహాల్ డినాట్’ మాత్రం సారాయిలోని ఇథనాలే. తాగడానికి పనికిరాకుండా రసాయనాలు కలుపుతారు. మోతాదు మించితే చర్మాన్ని ఎండగడుతుంది. రెంటికీ ఒకే పేరు! వాడకంపై ఉలమాలలోనే భిన్నాభిప్రాయాలున్నాయి, నిర్ణయం ఆయా కుటుంబాలది. తెలియకుండా నిర్ణయించుకునేదెలా?

2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనలు పదార్థాల జాబితా ముద్రించమన్నాయి. ముద్రిస్తున్నారు, చీమ తలకాయంత ఆంగ్లాక్షరాల్లో! సరుకు నాణ్యతను, స్వచ్ఛతను తెలుసుకోవడం వినియోగదారు హక్కని 2019 చట్టం చెబుతున్నది. మేమడిగేది అదే. ఇథనాల్ ఉన్నదీ లేనిదీ, అందులో కలిపినదేమిటో తెలుగులో, ఉర్దూలో, కంటికి ఆనేలా అచ్చువేయాలి.