తొలి కెమెరా ఎన్నికలో వివేకం

మొన్న ద్వితీయ సంవత్సరం తరగతి ముగిసిన పిదప ఒక విద్యార్థి మా గదికి వచ్చి, కొంతసేపు సంకోచించి, ఒక ప్రశ్న వేశాడు. "సార్, ముప్పై వేలున్నాయి. డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా ఏటి కొనమంటారు?" అతని తండ్రి శ్రీకాకుళంలో కుట్టుమిషను మీద సంసారాన్ని నెట్టుకొస్తున్న దర్జీ. ఆ ముప్పై వేలు రెండు రంజాను మాసాలలో, పండుగ బట్టల కోసం రాత్రులు నిద్ర మానుకొని కుట్టిన కూలిలోంచి మిగిల్చినవి. అటువంటి ధనాన్ని గురించి సలహా చెప్పడం తేలికైన పని కాదు. తెలుగు పాఠం చెప్పుకొనే మాకు కెమెరా సంగతి ఏమి తెలుసునని పాఠకులు అడుగవచ్చు. మేము ఒకప్పుడు తప్పు కెమెరా కొన్నవారము. అదే మాకున్న అర్హత.

ఆ విద్యార్థికి మేము వేసిన మొదటి ఎదురు ప్రశ్న ఇది: అసలు కెమెరా ఎందుకు? స్నేహితుల బొమ్మలు తీసుకొని పంచుకొనడానికైతే చేతిలోని ఫోను చాలును. అట్టివారు కెమెరా కొనవద్దని నిర్మొగమాటంగా చెబుతున్నాము. కాని వెలుతురును మన ఇష్టప్రకారం కొలిచి వాడుకొనడం నేర్వవలెనన్నా, దూరపు వస్తువును స్పష్టంగా పట్టవలెనన్నా, చీకటి ఇంటిలో ఒక ముఖాన్ని చిత్రించవలెనన్నా ఫోనుకు పరిమితులున్నవి. డి.ఎస్.ఎల్.ఆర్.లోని సెన్సారు ఫోనులోని దానికంటె అనేక రెట్లు పెద్దది. అంతకంటె ముఖ్యంగా, దానిలో నిర్ణయాలు మనవి. ఫోను తానే ఆలోచించి బొమ్మ ఇస్తుంది. కెమెరా మనల్ని ఆలోచింపజేస్తుంది.

లాటిను భాషలో కెమెరా అనగా గది. 10, 11 శతాబ్దాలలో బస్రా, కైరో నగరాలలో జీవించిన ఇబ్న్ అల్ హైసమ్ చీకటి గదిలోనికి సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుగును పరీక్షించి, 'కితాబ్ అల్ మనాజిర్' అనే గ్రంథంలో దృశ్యశాస్త్రానికి పునాదులు వేశాడు. నేటి కెమెరా కూడ ఆ చీకటి గదియే. వెలుగు ఎంత వెడల్పు ద్వారం గుండా, ఎంతసేపు లోనికి రావలె అనే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పడమే ఛాయాగ్రహణం. ఈ రెండూ నేర్చుకొనడానికి ఖరీదైన యంత్రం అవసరం లేదు.

1991లో కొడాక్ సంస్థ వారు అమ్మకానికి తెచ్చిన తొలి డి.ఎస్.ఎల్.ఆర్. సామర్థ్యం 1.3 మెగాపిక్సెల్‌లు మాత్రమే. 2003లో కెనన్ 300డి వెయ్యి డాలర్ల లోపు ధరకు వచ్చిన తరువాతనే సామాన్యులు ఆ వైపు చూడగలిగారు. 2018 నుండి కెనన్, నైకాన్ సంస్థలు రెండూ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మొగ్గినవి, డి.ఎస్.ఎల్.ఆర్.లో కొత్త నమూనాలు రావడం దాదాపు నిలిచిపోయినది. మరి పోతున్న కాలపు యంత్రాన్ని కొనడం వివేకమేనా అని సందేహం కలుగవచ్చు. పేద విద్యార్థికి ఇది నష్టం కాదు, అవకాశం అని మా అభిప్రాయం. కొత్తదాని కోసం పాతది వదిలించుకొనేవారు పెరిగినకొద్దీ మంచి బాడీలు, లెన్సులు చౌకగా చేతికందుతాయి. తొలి కెమెరా జీవితాంతం ఉంచుకొనే ఆస్తి కాదు. అది ఓనమాల పలక. పలక పాతదైనంత మాత్రాన అక్షరాలు మారవు.

ఇక మా తప్పు చెప్పుకొనవలె. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేము వాయిదాల మీద, స్తోమతకు మించిన బాడీ కొన్నాము. దుకాణదారు మెగాపిక్సెల్‌ల సంఖ్య చూపించాడు, మేము మురిసిపోయాము. డబ్బంతా బాడీకే పోయినది. లెన్సు మాత్రం దానితోపాటు వచ్చిన సాధారణమైన 18-55 మి.మీ.ది. ఆ యేడు ఒక సాయంకాలం మా దాదీ లోపలి గదిలో కిటికీ పక్కన కూర్చుండి తస్బీహ్ త్రిప్పుకొంటున్నది. ఆ ముఖాన్ని పట్టవలెనని ఆత్రపడ్డాము. గదిలో వెలుతురు తక్కువ. లెన్సు దాని శక్తికొలది తెరచుకొన్నా, షట్టర్ సెకనులో 8వ వంతు కాలం తెరచియుండవలసి వచ్చినది. ఆమె వేళ్ళు కదిలినవి, మా చేయి కదిలినది. బొమ్మ అలికినట్లు వచ్చినది. మరుసటి సంవత్సరం ఆమె కన్నుమూసినది. మా ఇంట ఆమెకున్నది ఆ ఒక్క చిత్రమే.

తరువాత నేర్చుకొన్న లెక్క ఏమనగా, ఆ లెన్సు 50 మి.మీ. వద్ద తెరచుకొనగల ద్వారం ఎఫ్/5.6. చిన్నదైన 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు అదే సమయంలో దాదాపు 10 రెట్లు వెలుగును లోనికి రానిస్తుంది. అనగా సెకనులో 8వ వంతుకు బదులు 80వ వంతు సరిపోయేది. దాదీ ముఖం నిలిచేది. కెనన్‌లో అటువంటి 50 మి.మీ. లెన్సు, నైకాన్‌లో 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు ఆయా సంస్థల చౌకరకపు లెన్సులలోనివే. మేము బాడీ కోసం అదనంగా పోసిన ధనంలో చిన్న భాగంతో అది వచ్చియుండేది. అందుచేత మేము చెప్పదలచినది ఒక్కటే: బాడీకి తగ్గించండి, లెన్సుకు మిగల్చండి.

మెగాపిక్సెల్‌ల మోజు గురించి ఒక మాట. ఎ4 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల చొప్పున చక్కని ముద్రణకు 9 మెగాపిక్సెల్‌లు చాలును. 2018లో వచ్చిన కెనన్ 3000డిలో 18, 1500డిలో 24, నైకాన్ డి3500లో 24 మెగాపిక్సెల్‌లున్నవి. వీటికి ముందు వచ్చిన నమూనాలైనా విద్యార్థికి తక్కువేమీ కాదు. రెండు సంస్థలలో ఏది గొప్పది అనే వాదం కాలయాపన. మీ ఊరిలో స్నేహితునివద్ద ఏ సంస్థ లెన్సులుంటే ఆ సంస్థ బాడీ కొనండి; ఎరవు తెచ్చుకొనవచ్చును. అయితే ఒక జాగ్రత్త. నైకాన్ డి3000, డి5000 వరుసల బాడీలలో ఫోకస్ త్రిప్పే మోటారు లేదు. మోటారు లేని పాత ఎ.ఎఫ్. లెన్సు చౌకగా దొరికినదని కొంటే, ప్రతిసారి చేతితోనే ఫోకస్ చేసుకొనవలసి వస్తుంది.

లెన్సు ఎన్నిక మన కోరికను బట్టి ఉండవలె. మన రెండు జిల్లాలలోనే ఉదాహరణలున్నవి. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి సన్నని నూలు వడికే స్త్రీలను చిత్రించదలచినవారికి, ఇంటి నీడలో పనిచేసే ఎఫ్/1.8 లెన్సు కావలె. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను తీయదలచినవారికి 55-250 లేదా 70-300 మి.మీ. లెన్సు కావలె; ఫ్లాషు వెలిగించి పక్షులను బెదరించకుండే సంస్కారం కూడ కావలె. విజయనగరంలో దసరా తరువాతి మంగళవారం సిరిమాను ఊరేగే వేళ, జనసముద్రం నడుమ నిలుచున్నవానికి మేము ఇంతసేపు నిందించిన 18-55 లెన్సే ఉత్తమం; పగటి వెలుతురులో దానికి లోటు లేదు. మూడూ ఒకేసారి కొనాలనుకొంటే మూడూ చెడతాయి. ఒక్క విషయం ఎన్నుకొని, దానికి తగిన ఒక్క లెన్సుతో ఒక యేడాది పనిచేయండి.

వాడిన కెమెరా కొనేవారు పగటిపూట, స్వయంగా చూచి కొనవలె. ఈ తరగతి కెమెరాల షట్టరు సుమారు 1 లక్ష బొమ్మల వరకు మన్నుతుందని అంచనా. నైకాన్‌లో ఎన్ని తీశారో బొమ్మ ఫైలులోనే నమోదై ఉంటుంది. కెనన్ చౌకరకాలలో సాధారణంగా అట్లు కనబడదు గనుక బాడీ అరుగుదలను చూచి ఊహించవలె. తెల్లని గోడను, చిన్న ద్వారంతో, ఎఫ్/16 వద్ద తీస్తే సెన్సారు మీది మచ్చలు తెలుస్తాయి. లెన్సును దీపానికెదురుగా పట్టి చూస్తే లోపల సాలెగూడువంటి బూజు ఉన్నదో లేదో తెలుస్తుంది. బూజు ఉంటే ఎంత చౌకయైనా వదలివేయండి. అసలు బిల్లు లేనిదే డబ్బు ఇవ్వకండి. మా మరొక విద్యార్థి ఈ పరీక్షలేవీ చేయక కొన్న కెమెరా షట్టరు మూడు నెలలలో బిగుసుకొని, మరమ్మతు వెల కొన్న ధరకు సగమైనది.

మనది సముద్రపు గాలి తగిలే సీమ. కళింగపట్నం, భావనపాడు తీరాలలో ఒక పూట తిరిగితే లెన్సు మీద ఉప్పుతేమ పేరుకొంటుంది; ఇంటికి రాగానే మెత్తని గుడ్డతో తుడవవలె. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వద్ద తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినది. అటువంటి దినాలలో కెమెరా సాక్షిగా నిలువగలదు. కాని బాగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచుకొన్న కెమెరాయే ఆ దినానికి పనిచేస్తుంది. ఆ డబ్బాకు అయ్యే ఖర్చు స్వల్పం.

ఆ విద్యార్థికి మేము చెప్పిన పంపకం ఇది. పది పాళ్ళలో ఐదు పాళ్ళు మామూలు లెన్సుతో కూడిన పాత బాడీకి. మూడు పాళ్ళు మంచి లెన్సుకు. ఒక పాలు కార్డుకు, రెండవ బ్యాటరీకి, డబ్బాకు. చివరి పాలు బస్సు చార్జీలకు. తిరగనివాని కెమెరా బీరువాలో వస్తువు. అప్పు మాత్రం చేయవద్దన్నాము. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసి వాయిదాలు కడతామని పలువురు ఆశపడతారు. కెమెరా ఉన్నంత మాత్రాన పిలిచేవారుండరు. ముందు ఒక స్టూడియోలో సహాయకుడుగా చేరి, వారి యంత్రం మీద చేయి తిప్పి, తరువాత ఆ ఆలోచన చేయవలె. కొనక ముందు ఒక దినం అద్దెకు తెచ్చి చూచినా ఎంతో తెలుస్తుంది.

ఈ సందర్భంలో మా కళాశాలకు కూడ ఒక విన్నపం. గ్రంథాలయంలో అందరికీ ఒక నిఘంటువు ఉన్నట్లే, అందరికీ ఒక పాత కెమెరా, ఒక ఎఫ్/1.8 లెన్సు ఉంచరాదా? ముప్పై వేలు కూడబెట్టలేని ఇళ్ళ పిల్లలే మనవద్ద అధికం.

ఆ విద్యార్థి పంపకాన్ని నోటుబుక్కులో వ్రాసుకొని లేచాడు. మొదట ఏమి తీయదలచావని అడిగాము. "మా అబ్బా రాత్రి మిషను కుడుతుంటారు సార్, ఒక్క బల్బే ఉంటాది" అన్నాడు. అట్లయితే ఎఫ్/1.8 లెన్సే కొనమన్నాము.