కుక్క వెండ్రుకలు – మన బాధ్యత

చాపలపైని కుక్క వెండ్రుకలను ఊడ్చి యూడ్చి విసిగిన తల్లులు ‘దానిని ఎక్కడనైన విడిచి రండు’ అందురు. వారి కోపము న్యాయమే. ఆడుకొనువారము మనము, ఊడ్చువారు వారు! కాని నమ్మిన ప్రాణిని వీధిపాలు చేయుట ధర్మము కాదు. తెలుగు మాటలాడు రాజులు తరతరములుగా నివసించు రాజపాళయము పేరు గల తెల్లని వేటకుక్క 2005లో భారత తపాలా బిళ్లపై కెక్కినది. దాని పొట్టి రోమములు సైతము రాలును. పాతది రాలి క్రొత్తది మొలచుట ప్రకృతి సహజము.

దినమున కొకమారు పెరటిలో దువ్వినచో ఇంట రాలునది తగ్గును. నున్నగా గొరుగరాదు, రోమము చర్మమునకు ఎండనుండి రక్ష. పొక్కులతో గాని, మచ్చలు మచ్చలుగా గాని ఊడినచో పశువైద్యునకు చూపవలయును.

కుక్కను కోరినది మనము. కావున దువ్వెనయు, చీపురును మన చేతనే యుండవలెనని మా అభిప్రాయము.