ఊ కొడితే చాలదు!

‘అనగనగా ఓ రాజు...’ అని అమ్మమ్మ మొదలెట్టగానే పిల్లలు చేయాల్సిన పని ఒక్కటే, ఊ కొట్టడం. ‘రాజుగారబ్బాయి ఆ తలుపు తియ్యకపోతే ఏమవుతుంది అమ్మమ్మా?’ అని మధ్యలో అడిగారో, మొట్టికాయే! మరి అలా అడగడమే ఆటయితే? తలుపు తియ్యాలో వద్దో తేల్చే హక్కు వినేవాళ్లదే అయితే? దాన్నే రోల్‌ ప్లేయింగ్‌ గేమ్‌ అంటున్నారు. కంప్యూటర్‌ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. ఓ బల్ల, నలుగురైదుగురు స్నేహితులు, కాగితాలు, పెన్సిళ్లు, పాచికలు, ఓ రోజంతా ఖాళీ. వీటన్నింటిలోకీ దొరకనిది ఆ చివరిదే.

సంక్రాంతికి ఇళ్లకొచ్చిన అయిదుగురు పాత క్లాస్‌మేట్లు హన్మకొండలో ఓ ఇంట్లో ఈ ఆటకి కూర్చున్నారనుకోండి. ఒకరు కథకుడు. కథ జరిగే చోటు, కాలం, దారిలో ఎదురయ్యే మనుషులు... అన్నీ ఆయన చేతిలోనే. మిగతా నలుగురూ తలో పాత్ర తీసుకుంటారు. ఎక్కడెక్కడి కోటలో, డ్రాగన్లో ఊహించుకోవడమెందుకు, ఊళ్లోనే కోట ఉండగా! కథకుడు గొంతు సవరించుకుంటాడు.

‘‘సంవత్సరం 1323. ఢిల్లీ నుంచి వచ్చిన ఉలుగ్‌ఖాన్‌ సేనలు ఓరుగల్లును నెలల తరబడి ముట్టడించి ఉన్నాయి. ప్రతాపరుద్రుడి లేఖ ఒకటి బయటికి చేరాలి. అర్ధరాత్రి. మీరు నలుగురూ రాతికోట దిగారు. ముందు కందకం. దాని అవతల మట్టికోట. ఇప్పుడేం చేస్తారు?’’

నలుగురిలో ఒకరు కాపలా భటుడు, ఒకరు కంసాలి, ఒకరు పేరిణి నర్తకుడు, ఒకామె వైద్యురాలు.

‘‘నేను ముందు పోత. మీరు ఈడనే ఉండుండ్రి’’ అంటాడు భటుడు.

‘‘ఆగురా! బురుజు మీద ఎవరన్న ఉన్నరేమో చూస్కో’’ అంటుంది వైద్యురాలు.

భటుడు ఈదగలడా? అది చెప్పేది కథకుడు కాదు, 20 ముఖాల పాచిక. 14 పడితే ఒడ్డు చేరినట్టే. 3 పడిందా... నీళ్ల చప్పుడుకి బురుజు మీద కాగడా కదులుతుంది! తప్పు ఒకరిదే అయినా నలుగురి ప్రాణాల మీదికీ వస్తుంది.

ఈ ఆటలో ఒకరిమీద ఒకరు గెలవడం ఉండదు. కోటంటారా, ఎలాగూ పడిపోతుంది. ప్రతాపరుద్రుడు బందీ అవుతాడు, ఢిల్లీకి తీసుకెళ్తుంటే దారిలోనే కన్నుమూస్తాడు. ఉలుగ్‌ఖానేమో తర్వాత మహమ్మద్‌ బిన్‌ తుగ్లక్‌గా గద్దెనెక్కుతాడు. ఇదంతా చరిత్ర. కానీ ఈ నలుగురూ ఏమయ్యారన్నది ఏ శాసనంలోనూ లేదు. ఆటంతా ఆ ఖాళీలోనే! బాణం తగిలిన భటుణ్ని మోసుకెళ్లాలా, వదిలేసి లేఖతో పరిగెత్తాలా? ‘‘నన్ను ఇడిసిపెట్టి పోండ్రి’’ అంటాడు వాడు. ‘‘నిన్ను ఇడిసిపెట్టి మేమెట్ల పోతంరా?’’ అంటాడు కంసాలి. ఏళ్ల తరబడి ఫోన్లో ‘ఎట్లున్నవ్‌?’ ‘మంచిగున్న’ దాటని స్నేహితులు ఆ ఒక్క మాట మీద అరగంట వాదించుకుంటారు. మధ్యాహ్నం అన్నం చల్లారిపోతుంది.

వైకుంఠపాళిలో పాచిక ఎంత పడితే అంత. పాము నోట్లోకి పొమ్మంటే పోవాల్సిందే, మన ప్రమేయం లేదు. పులిజూదంలో అంతా బుర్రే, అదృష్టానికి పనిలేదు. అష్టాచమ్మాలో రెండూ ఉంటాయి. ఈ కొత్త ఆటలో ఆ రెండింటికీ మాట తోడవుతుంది.

కొత్తదంటే మరీ నిన్నటిదేం కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్‌, డేవ్‌ ఆర్నెసన్‌ కలిసి తెచ్చిన ‘డంజన్స్‌ అండ్‌ డ్రాగన్స్‌’తో మొదలైంది. అంతకుముందు బొమ్మ సైన్యాలతో యుద్ధాలాడేవారు. సైన్యాన్ని కాకుండా ఒక్క మనిషినే నడిపిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆటను మలుపు తిప్పింది. మొదట తయారుచేసింది వెయ్యి పెట్టెలే. 2016లో మొదలైన ‘స్ట్రేంజర్‌ థింగ్స్‌’ సీరియల్‌లో పిల్లలు బల్ల చుట్టూ చేరి ఆడేది ఈ ఆటే.

పాచికలనగానే మన ఇళ్లలో పెద్దవాళ్లకి శకుని గుర్తొస్తాడు. ఇక్కడ పందెం లేదు, డబ్బు లేదు. అయినా ఈ ఆటా నిందలు మోసింది. 1979 ఆగస్టులో మిషిగన్‌ స్టేట్‌ యూనివర్సిటీ నుంచి పదహారేళ్ల కుర్రాడు మాయమయ్యాడు. పేరు జేమ్స్‌ డల్లాస్‌ ఎగ్బర్ట్‌. ఆ వయసుకే కంప్యూటర్‌ సైన్స్‌ చదువుతున్న తెలివైనవాడు. యూనివర్సిటీ కిందున్న సొరంగాల్లో ఈ ఆట ఆడుతూ తప్పిపోయాడేమోనని ఓ ప్రైవేటు డిటెక్టివ్‌ అనుమానించాడు. పత్రికలు అందుకున్నాయి. నెల తర్వాత కుర్రాడు దొరికాడు. తీరా చూస్తే ఆటకీ దానికీ సంబంధమే లేదు. చదువుల ఒత్తిడి, ఒంటరితనం, మానసికంగా కుంగిపోవడం... అసలు కారణాలివని తర్వాత ఆ డిటెక్టివే పుస్తకం రాశాడు. అది వచ్చింది 1984లో. 1980లోనే ఆ అబ్బాయి తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ తర్వాత కూడా కొందరు తల్లిదండ్రులు ఆటనే తిట్టిపోశారు.

ఇంటర్‌ ఫలితాలొచ్చే రోజుల్లో మన దగ్గరా ఇలాంటి మాటలే వినిపిస్తాయి. ‘ఆ ఫోనే చెడగొట్టిందండీ’ అనేస్తారు. పిల్లాడు రాత్రిళ్లు నిద్రపోతున్నాడా అని అడిగినవాళ్లెందరో!

సరే, ఆడాలనుంటే ఎలా? ‘డంజన్స్‌ అండ్‌ డ్రాగన్స్‌’ ప్రాథమిక నియమాలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. 20 ముఖాల పాచిక లేకపోతే 1 నుంచి 20 వరకు చీటీలు రాసి గిన్నెలో వేసుకోండి. తీసిన చీటీని మళ్లీ మడిచి అందులోనే వెయ్యడం మాత్రం మరచిపోవద్దు. ఫోన్లో పాచికలు వేసే సదుపాయమూ ఉంది కానీ, ఫోను బల్లమీదికొస్తే ఆట ఎంతసేపు సాగుతుందో చెప్పలేం! కథకుడి పని మాత్రం మాటకారికే అప్పగించండి. నియమాలన్నీ కంఠతా వచ్చినవాడికిస్తే కథ బదులు పాఠం వినాల్సొస్తుంది.

హన్మకొండ ఇంట్లో సాయంత్రం ఆరవుతుంది. లేఖ నడుముకి కట్టుకున్న కంసాలి మట్టికోట గోడ కింద నక్కి ఉన్నాడు. రెండడుగుల దూరంలో కాగడా. ఎనిమిదింటికి హైదరాబాద్‌ బస్సు. ‘‘మిగిలింది ఉగాదికి’’ అంటూ కాగితాలు మడిచి, ఖాళీ అయిన సకినాల డబ్బాలో పెట్టేస్తారు. పొద్దుట్నుంచీ ‘ఏం ఆటనో ఏమో’ అని విసుక్కుంటూనే ఉన్న అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడుతుంది.

‘‘ఆగుండ్రి బిడ్డా! ఆ కంసాలాయన బతుకుతడా లేదా... గది చెప్పి పోండ్రి!’’