ఒక్కనాటి పందెపుబాట

హైదరాబాదులో హుస్సేన్‌సాగర తీరాన 2023 ఫిబ్రవరి 11న విద్యుత్ కార్ల పందెం జరిగింది. భారతదేశంలో ఫార్ములా-ఇ పోటీ జరగడం అదే తొలిసారి. సచివాలయ పరిసరాల వీథులనే సుమారు 2.8 కిలోమీటర్ల పందెపుబాటగా తీర్చిదిద్దారు. 2024 ఫిబ్రవరి 10న జరుగవలసిన రెండవ పందెం నెల ముందే రద్దయింది. నిధుల చెల్లింపుపై ఆ ఏడు డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ కేసు నమోదు చేసింది. తప్పొప్పులు తేల్చవలసినది న్యాయస్థానం. ఆ వేడుక మూణ్ణాళ్ల ముచ్చట ఏల అయిందన్నది మాత్రం అందరూ ఆలోచింపదగిన ప్రశ్న.

మదరాసునుండి నెల్లూరు వచ్చే దారిలో షోలవరం ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాల బాట అక్కడ నిరుపయోగంగా పడివుండగా, 1953లో ఏర్పడిన మదరాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దానిని పందెపురంగంగా మలచుకొన్నది. మూడు దశాబ్దాలకు పైగా అక్కడ పోటీలు సాగాయి. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వతమైన బాట వెలసినపిమ్మట షోలవరం మూగవోయింది. కాని అది వారసత్వాన్ని అప్పగించి విశ్రమించింది.

రెంటికీ గల భేదం ధనంలో కాదు, అభ్యాసంలో ఉన్నది. షోలవరంలో బండిని విప్పి, బిగించి, తామే నడిపిన ఔత్సాహికులు ఉండేవారు. హైదరాబాదు పందెంలో మహీంద్రా జట్టు ఉన్నా, కార్లు నడిపినవారిలో భారతీయుడొక్కడూ లేడు. మనవారికి దక్కినది ప్రేక్షకస్థానమే.

హైదరాబాదు మీదుగా వచ్చే 163వ జాతీయ రహదారి ఏటూరునాగారం దాటి గోదావరిని చేరుతుంది. ఆ దారివెంటనున్న పాఠశాలలలో మోటారు పనిచేసే తీరును చేతులారా నేర్చిన బాలబాలికలు తయారైననాడు, పందెం తిరిగి వచ్చినా రాకున్నా విద్య నిలుస్తుంది.