చౌక స్క్రబ్బు: పట్టిక చెప్పేదెంత?

ముఖచర్మంపై మృతకణాలను తొలగిస్తాయనే స్క్రబ్బులు నేడు పల్లె అంగళ్లకు సైతం చేరాయి. నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించిన దినుసులను పరిమాణం తగ్గే వరుసలో ముద్రించాలి. తక్కినవి ఏ వరుసలోనైనా ఉండవచ్చు. కనుక పట్టిక చివరనున్న బొప్పాయి సారం, అట్టపై ఎంత పెద్ద బొమ్మ వేసినా, నామమాత్రమే కావచ్చు. రుద్దే పని చేసేది అక్రోటు పెంకు పొడి వంటి గరుకు పదార్థమే. మొటిమలున్న చర్మానికి అది హితం కాదు.

ప్లాస్టిక్ సూక్ష్మగుళికలను భారతీయ ప్రమాణాల సంస్థ 2017లోనే సౌందర్య సాధనాలకు సురక్షితం కానివిగా వర్గీకరించింది. పట్టికలో ‘పాలిథిలిన్’ కనబడితే ఆ గొట్టాన్ని అంగట్లోనే వదలడం మేలు.

అయితే పట్టిక ఉంటేనే కదా! 30 గ్రాముల లోపు క్రీములకు, లేపనాలకు 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనలు దానినుండి మినహాయింపునిచ్చాయి. పేద ఇంటికి చేరేది సరిగ్గా ఆ చిన్న పొట్లమే.